కడిగేసిన సీసా

ఆ వార్డులో తెల్లవారడమంటే సక్షన్ మిషన్లు మొదలవడమే. ఒక మంచం దగ్గర పుట్టిన గుర్రు పక్క మంచానికి, అక్కడినుంచి ఎదుటి వరసకి పాకి, కాసేపటికి పిండిమరలో నిలబడ్డట్టు అవుతుంది. అందరి మెడల్లోనూ గొట్టాలే. రాత్రంతా గొంతుల్లో పేరుకున్న కఫాన్ని ఇంటివాళ్ళే తియ్యాలి. ఉన్న నర్సులు ఏ మూలకీ చాలరు కాబట్టి ఆ పని ఇంటివాళ్ళకి నేర్పుతారు. నేర్చుకున్నారని పెద్ద సిస్టరు ఒప్పుకుంటేనే రోగి ఇంటికి వెళ్ళేది.

ఆ వరసలో ఒక రోగి భార్య ఆమె. మోచేతుల దాకా చేతులు కడుక్కుని, రబ్బరు తొడుగు వేసుకుని, సన్నటి గొట్టాన్ని కవరులోంచి కొసకి చెయ్యి తగలకుండా బయటికి తీసింది. భర్త అప్పటికే మేలుకుని ఆమెనే చూస్తున్నాడు. అతను బస్సు కండక్టరు. ఎంత రద్దీలోనైనా చివరి సీటు దాకా వినిపించేలా కేకెయ్యగలిగిన గొంతు. ఇప్పుడు ఆ గొంతు కింద చిన్న చిల్లు, అందులో ప్లాస్టిక్ గొట్టం. ఊపిరి అందులోంచే పోయి రావడంతో మాట పైకి రావడం లేదు. అందుకని బస్సు భాషనే మంచం కమ్మీ మీదికి తెచ్చుకున్నాడు. వేలి కణుపుతో ఒకసారి కొడితే ఆపమని. రెండుసార్లు కొడితే పోనిమ్మని.

రెండు కొట్టాడు.

ఆమె మిషన్ స్విచ్ వేసింది. సన్న గొట్టం ఇంకా ఆమె వేళ్ళ మధ్యే ఉంది. లోపల ఏదో గరగరమంది. రోజూ వినే కఫం చప్పుడు కాదది, నీళ్ళు పుక్కిలించినట్టుంది. అతను దగ్గాడు. మెడలోని గొట్టంలోంచి ఎర్రగా చిమ్మింది.

పల్చగా, మెరుస్తూ, వెచ్చగా వచ్చి ఆమె చేతి మీదా అతని ఛాతీ మీద పరిచిన తువ్వాలు మీదా పడింది.  ఆమె చెయ్యి తనకు నేర్పిన పని తను చేసుకుపోయింది. సన్న గొట్టం లోపలికి వెళ్ళింది, బొటనవేలు గొట్టం పక్కనున్న గాలి కన్నం మూసింది, తిప్పుతూ పైకి తీసింది. సీసా అడుగు ఎర్రబడింది. ఇంకోసారి. మూడోసారికి ఏమీ రాలేదు. వచ్చినంత తొందరగానూ ఆగిపోయింది. అతని ఊపిరి మామూలుగా ఆడుతోంది. ఏమైందన్నట్టు కనుబొమలెత్తాడు.

ఆమెకి మొదట తట్టింది డాక్టరు కాదు, పెద్ద సిస్టరు. కిందటి వారం కఫంలో చిన్న ఎర్రచార కనబడిందని పిలిచి చూపించింది తనే. పెద్ద సిస్టరు వార్డంతా వినేలా అడిగింది, అది మనిషి గొంతనుకున్నావా, మూసుకుపోయిన తూము అనుకున్నావా అని. ఎంతవరకు చదివావని కూడా అడిగింది. ఎనిమిదిలో మానేశానని చెప్పగానే, అదీ సంగతి అన్నట్టు పక్కనున్న నర్సు వైపు చూసింది. ఇంకోసారి రక్తం కనిపిస్తే నీకీ పని రాదనే అనుకుంటాను, మీ ఆయన ఇక్కడే ఉంటాడు, నువ్వూ ఇక్కడే ఉంటావు అని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచీ సన్న గొట్టం పట్టుకుంటే ఆమె వేళ్ళు వణుకుతున్నాయి. తను పొడిచేసిందేమోనన్న అనుమానం వదల్లేదు.

ఇప్పుడు సోమవారం ఇంటికి పంపిస్తామంటున్నారు. ఇంటి దగ్గర మూడేళ్ళ పిల్ల నాన్న కోసమని రోజూ చెప్పులేసుకుని గుమ్మంలో కూర్చుంటోందిట.

తలుపు దగ్గర ఆయా కేకేసింది, రౌండ్సని. ఆ కేకతో వార్డంతా ఒక్కసారిగా కదులుతుంది. దుప్పట్లు దులుపుతారు, పళ్ళేలు మంచాల కిందికి తోస్తారు, సక్షన్ సీసాలు తీసుకెళ్ళి తళతళలాడేలా కడిగి తెచ్చి బిగిస్తారు. సీసా ఎంత శుభ్రంగా ఉంటే మనిషిని అంత బాగా చూసుకుంటున్నట్టు లెక్క. కడగని సీసా కనిపిస్తే పెద్ద సిస్టరు ఏమీ అనదు, దాన్ని ఎత్తి డాక్టర్లకి చూపిస్తుంది. అంతకన్నా పెద్ద తిట్టు లేదు.

ఆమె సీసా వైపు చూసింది, భర్త వైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు. పెదాలు మెల్లిగా కదిలాయి. ఇంటికి. తరవాత కణుపు కమ్మీ మీద పడింది. రెండుసార్లు.

ఆమె సీసా ఊడదీసింది. కుళాయి కింద ఎర్రనీళ్ళు గులాబీ రంగయ్యాయి, గులాబీ రంగు తెల్లబడింది. తువ్వాలు మీద ఫ్లాస్కులోని వేణ్ణీళ్ళు పోసి, చేతులు కాలుతున్నా రుద్దింది. మరక పోలేదు, గోధుమ రంగులోకి తిరిగి గుడ్డని పట్టుకుంది. పాత దుప్పటిలో దాన్ని చుట్టి, మాసిన బట్టల సంచీ అడుగున కుక్కింది.

డాక్టర్లు వచ్చారు. వాళ్ళలో పెద్దాయన కుర్ర డాక్టర్లకి ఆ మంచాన్ని వేలెత్తి చూపించి, ఇంటి మనుషులు చూసుకోవడమంటే ఇలా ఉండాలన్నాడు. సీసా అద్దంలా ఉందన్నాడు. సోమవారం పంపేద్దామా అని అడిగితే భర్త కమ్మీ మీద రెండు కొట్టాడు. అందరూ నవ్వారు. పెద్ద సిస్టరు కూడా మొదటిసారి మొహం చిట్లించకుండా ఆమె వైపు చూసింది. ఆమె మాసిన బట్టల సంచీని కాలితో మంచం కిందికి ఇంకాస్త తోసింది.

మధ్యాహ్నం అత్తగారు పిల్లని ఎత్తుకుని వచ్చింది. ఆవిడ ఇంట్లో మిషన్ మీద బట్టలు కుడుతుంది. హడావిడిలో కొలత టేపు మెళ్ళోనే వేసుకుని వచ్చేసింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆ టేపు చూసి కొత్త డాక్టరనుకుని పక్కకి తప్పుకున్నాడని చెప్పి తనే నవ్వింది. నవ్వు ఆగకముందే కోడల్ని ఎగాదిగా చూసింది.

"ఏమే కంగారమ్మా, మొహం అలా పీక్కుపోయిందేం? రోగి వాడా నువ్వా?"

కంగారమ్మ అన్న పేరు పెట్టింది ఆవిడే. పిల్లకి దోమ కుడితే జ్వరమని, తుమ్మితే దగ్గని ఆస్పత్రికి పరిగెత్తేదని. పోయిన ప్రతిసారీ ఏమీ లేదని పంపేసేవారు. ఇంటికొచ్చాక ఆ కథ వీధంతా విని నవ్వేది. అలా నవ్వగా నవ్వగా ఆమెకొక అలవాటైంది. ఏ భయం కలిగినా అందులో సగం తన పిచ్చేనని తీసేసి, మిగతా సగాన్నే నమ్మడం. పొద్దుటి రక్తంలోనూ అలాగే సగం తీసేసి చూసుకుంది. మిగిలిన సగం మాత్రం తగ్గలేదు.

పిల్ల స్టూలెక్కి తండ్రి మొహంలోకి మొహం పెట్టింది. ఇంట్లో గోడ మీద పిల్లి ఎక్కిందని, నాయనమ్మ దాన్ని చీపురుతో కొట్టబోయి తనే పడిందని చెప్పింది. చెబుతూ చెబుతూ ఆగి అతని మెడ వైపు వేలు చూపించింది.

"నానమ్మా, నాన్న గొట్టం తలూపుతోంది."

"నువ్వేమన్నా తలూపడం మీ నాన్నకి కొత్తా?" అంది అత్తగారు.

అతను నవ్వాడు. చప్పుడు లేని నవ్వు, భుజాలు మాత్రం కదిలాయి. నవ్వు ఆగింది. భుజాలు ఆగాయి. గొట్టాన్ని మెడకి పట్టి ఉంచే ప్లాస్టిక్ రెక్క మాత్రం ఆగలేదు. మెడ పట్టీ కింద పైకీ కిందికీ సన్నగా అదురుతోంది. ఊపిరికేమో అనుకుని ఆమె అతని ఛాతీ చూసింది. ఊపిరి నింపాదిగా ఉంది, ఈ అదురు తొందరగా ఉంది. దుప్పటి సర్దుతున్నట్టు చేసి అతని మణికట్టు పట్టుకుంది. వేలి కింద నాడి, కంటి ముందు రెక్క, రెండూ ఒక్క లెక్కన కొట్టుకుంటున్నాయి. నీరసం మనిషికి ఒళ్ళంతా అలాగే అదురుతుందేమో అనుకుంది. అనుకుని, చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

వెళ్ళేటప్పుడు అత్తగారు మాసిన బట్టల సంచీ అందుకుంది. తనే ఉతుకుతానని ఆమె పట్టుకుంది. ఇక్కడ నీళ్ళా లేవు, ఎండా లేదు, తడి దుప్పట్లు నీ నెత్తిమీద ఆరేసుకుంటావా అని ఆవిడ లాక్కుంది. కాస్త గట్టిగా పట్టుకుంటే ఎందుకని అడుగుతుంది. ఆమె వదిలేసింది. సంచీ పిల్ల వెనకాలే వార్డు తలుపు దాటి వెళ్ళిపోయింది.

మర్నాడు పెద్ద సిస్టరు వచ్చి ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడింది, చెయ్యి, చూద్దాం అంది. ఆమె చేసింది. తెల్లటి కఫం తప్ప ఏమీ రాలేదు. సన్న గొట్టం ఎంత లోపలికి పోవాలో అంతే పోయింది, బయటికొచ్చేటప్పుడు ఎక్కడా తట్టలేదు. భర్త రెప్పైనా ఆడించకుండా సహకరించాడు. పెద్ద సిస్టరు ఆమె భుజం మీద ఒక్క వేలితో తట్టి, నేర్చుకున్నావు అంది.

అప్పుడే చెప్పాలనుకుంది. నిన్న పొద్దున్న అని మొదలుపెట్టాలనుకుంది.  ఆ రెక్క అదురుతూనే ఉంది. అటు చూడండి అంటే చాలు, పెద్ద సిస్టరు చూసేది. కానీ చూసి, ఏమీ లేదు అంటే? ఏమైనా ఉంది, నువ్వు చేసిందే అంటే? ఆమె ఈ రెండిటి మధ్యా ఊగుతుండగానే పెద్ద సిస్టరు పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ రోజంతా ఆమె కూర్చోలేదు. పాలు నాలుగుసార్లు వడగట్టి ముక్కులో వేసిన గొట్టం గుండా పట్టింది. తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది. అతను కళ్ళు మూసుకున్నప్పుడల్లా వంగి, దూది పెట్టిన మెడ చుట్టూ తడి ఏ రంగుందో చూసింది. తెల్లగానే ఉంది. చూసిన ప్రతిసారీ కాస్త ప్రాణం లేచొచ్చేది, నిటారుగా నిలబడేలోపు మళ్ళీ పోయేది.

ఆ మర్నాడు పొద్దున్నే, ఎవర్నీ లోపలికి రానివ్వని వేళ, వార్డు గుమ్మంలో అత్తగారు కనిపించింది. పిల్ల లేదు. మెళ్ళో టేపు లేదు. బయటికి రమ్మని చేత్తో పిలిచి, మెట్ల మలుపులో కిటికీ దగ్గర ఆగింది. చేతిసంచీలోంచి తువ్వాలు తీసింది.

"వేణ్ణీళ్ళు పోశావు కదూ" అంది. "రక్తం మీద వేణ్ణీళ్ళు పోస్తే మరక బిగుసుకుంటుంది. చన్నీళ్ళలో నానబెట్టి ఉంటే నాకు తెలిసేదే కాదు."

ఆమె చెప్పేసింది. సీసా సంగతి, అతను రెండుసార్లు కొట్టిన సంగతి, పెద్ద సిస్టరు అన్న మాట, సోమవారం. ముక్కలు ముక్కలుగా, వెనకది ముందూ ముందుది వెనకా చెప్పింది. అత్తగారు మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. అది ఆమెకి కొత్త. తిడుతుందని, నా కొడుకుని చంపుకుంటావా అంటుందని ఆమె తలొంచుకుని నిలబడింది. అత్తగారు తువ్వాలుని నాలుగు మడతలు పెట్టింది, కుట్టిన బట్ట ఇచ్చేముందు పెట్టినట్టు, అంచుకి అంచు కలిపి, మరక పైకి కనిపించేలా.

"సోమవారం లేదు, మంగళవారం లేదు. పద."

నర్సుల బల్ల దగ్గర పెద్ద సిస్టరు మందులు సర్దుతోంది. కోడలు నోరు తెరిచేలోపే అత్తగారు తువ్వాలు బల్ల మీద పెట్టేసింది. మొన్న మా కోడలు టీకి వెళ్ళినప్పుడు కొడుకు ఉక్కిరిబిక్కిరవుతుంటే చూడలేక ఆ గొట్టమేదో నేనే పెట్టాను, రక్తం వచ్చింది, భయపడి కడిగేశాను, దానికేమీ తెలీదు అంది. ఒక్క గుక్కలో, చెప్పిన రోజుకి అందని బట్ట గురించి కుట్టడానికిచ్చినావిడకి చెప్పేటంత ధైర్యంగా. ఆమె నిర్ఘాంతపోయి ఆవిడ వైపు చూసింది. ఆవిడ ఇటు చూడలేదు.

పెద్ద సిస్టరు అత్తగారిని తిట్టాల్సినంతా తిట్టింది. వయసుంటే సరిపోదని, చేతకాని పని ముట్టుకోకూడదని అంది. తిడుతూనే కుర్ర డాక్టరుని పిలిచింది. అతను కాఫీ కప్పుతో వచ్చాడు. తువ్వాలు చూసి కప్పు కింద పెట్టి, ఎంత లోపలికి పెట్టారని అడిగాడు. అత్తగారు గాలిలో జానెడు కొలిచి, చాలదేమోనని ఇంకొంచెం పెంచింది. గొట్టం తీశాకే వచ్చిందా అన్నాడు. తీశాకే అంది. డాక్టరు మొహంలో బిగువు సడలింది. లోతుగా పెడితే గీసుకుంటుందని, ఒక్కోసారి అలా వస్తుందని, తరవాత మళ్ళీ రాలేదు కాబట్టి పరవాలేదని అన్నాడు. ఇవాళ కాస్త కనిపెట్టి ఉండమని సిస్టరుకి చెప్పి కప్పు అందుకున్నాడు.

ఆమెకి అప్పుడు అర్థమైంది. తనని కాపాడదామని ఆడిన ఆ అబద్ధమే అసలు సంగతి డాక్టరుకి అందకుండా తలుపు మూసేస్తోంది. గొట్టం గీసుకుంది అన్నంతసేపూ అది చిన్న విషయం. అలా కాదని తెలిసింది ఈ బల్ల దగ్గర తనకొక్కదానికే.

"అత్తయ్య పెట్టలేదండీ" అంది. గొంతు తనది కానట్టుంది. "నేనూ పెట్టలేదు. గొట్టం నా చేతిలోనే ఉంది. పెట్టకముందే వచ్చింది. దానంతటదే వచ్చి, దానంతటదే ఆగిపోయింది."

కప్పు డాక్టరు పెదాల దాకా వెళ్ళి ఆగింది.

ఎంత వచ్చిందని అడిగాడు. సీసా అడుగు నిండేంత అంది. రంగు అడిగాడు. చెప్పింది. అతను మంచం వైపు నడుస్తుండగానే వెనకాల పడి, ఆ రెక్క కూడా అదురుతోందండీ, నాడితో పాటు, మా పిల్ల చూసింది అంది. ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. మంచం దగ్గర కుర్ర డాక్టరు వంగి ఒక్క వేలు ఆ రెక్క మీద ఆనించాడు. వెంటనే తీసేశాడు, కాలిన గిన్నె తగిలినట్టు. ఎవరూ గొట్టం కదపొద్దు అన్నాడు. ఆ తరవాత అతను ఫోనులో మాట్లాడిన గొంతు చాలా మెల్లిగా ఉంది. 

రోగిని చక్రాల బల్ల మీదికి మార్చారు. లోపల ఏ రక్తనాళం ఒరుసుకుందో ఫొటోలు తీసి చూడాలన్నారు. నడవాలో చక్రాలు కీచుమంటున్నాయి. లిఫ్టు తలుపు తెరుచుకుంటుండగా భర్త బల్ల ఇనప అంచు మీద కొట్టాడు. ఒక్కసారి.

ఆమె అతని మొహం చూసేసరికే రక్తం వచ్చింది. ఈసారి చిమ్మి ఆగలేదు. గొట్టం నిండి, అంచులు దాటి, మెడకి రెండు పక్కలా పారింది. కుర్ర డాక్టరు మెడ పక్కన వేలాడే చిన్న గాలిబుడగకి సిరంజి తగిలించి గాలి ఎక్కించాడు, ఇంకా ఎక్కించాడు. లోపల గొట్టం చుట్టూ ఉన్న బుడగ ఉబ్బి రక్తం వచ్చే చోటుని అదిమిపట్టాలి. రెండో చేత్తో రెక్కని ఛాతీ ఎముక వైపు నొక్కిపట్టాడు. ఒక నర్సు ఊపిరి సంచీ పట్టుకుంది. పెద్ద సిస్టరు ఒక చేత్తో సెలైన్ సీసా ఎత్తి, రెండో చేత్తో నొక్కుతూ, చేతి సక్షన్ మిషన్ని మోకాలితో ఆమె వైపు తోసింది.

"నువ్వు తియ్యి. ఊపిరికి దారి ఉండాలి. నీకొచ్చు."

ఆమె తీసింది. లిఫ్టు కిందికి దిగుతున్నంతసేపూ తీసింది. తొడుగు లేదు, చేతులు కడుక్కోలేదు, వణుకూ లేదు. ఎర్రది తప్ప ఏమీ కనిపించడం లేదు, వేళ్ళకి మాత్రం దారి తెలుస్తోంది. ఎక్కడో మధ్యలో పారకం తగ్గింది. బుడగ పట్టింది అన్నాడు డాక్టరు, ఎవరికో మొక్కుకుంటున్నట్టు. నొక్కిన చెయ్యి మాత్రం తియ్యలేదు. ఆ చేత్తోనే బల్లతో పాటు పరిగెత్తి, ఎర్ర దీపం ఉన్న తలుపు లోపలికి వెళ్ళిపోయాడు.

తలుపు మూసుకున్నాక ఆమె చేతిలో సన్న గొట్టం మిగిలిపోయింది.

బెంచీ మీద అత్తా కోడళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. చాలాసేపటికి పొట్టిగా, రబ్బరు చెప్పులతో ఒక డాక్టరమ్మ బయటికి వచ్చింది. రక్తనాళాలు బాగుచేసేది తనేనంది. మెడ గొట్టం కొస లోపల ఒకేచోట ఒరుసుకుని ఒరుసుకుని, ఛాతీ ఎముక వెనకనుంచి కుడిచేతికీ తలకీ పోయే పెద్ద రక్తనాళానికి చిల్లు పడిందని చెప్పింది. మొదట వచ్చి ఆగిన రక్తం అదేనని, అది హెచ్చరిక అని అంది. ఇదివరకైతే ఛాతీ కోసి తెరిచేవాళ్ళమని, ఈ స్థితిలో అతను దానికి తట్టుకోవడం కష్టమని అంది. తొడ దగ్గర చిన్న గాటు పెట్టి, అక్కడి రక్తనాళంలోంచి సన్నటి తీగె మీద పైదాకా వెళ్ళి, చిల్లు పడ్డ చోట లోపలివైపు గుడ్డ తొడుగు పరుస్తారట.

అత్తగారు అంతా విని, గుడ్డ అన్న మాట దగ్గర ఆగిపోయింది.

"కుట్టు ఎక్కడ వేస్తారమ్మా?"

"కుట్టు ఉండదండీ. గుడ్డకి లోహపు వల ఉంటుంది. ముడుచుకుని వెళ్ళి, అక్కడ గొడుగులా విచ్చుకుని గోడకి ఆనుకుంటుంది."

"కుట్టు లేకుండా లైనింగు నిలుస్తుందా?"

 నిలుస్తుందనే పెడుతున్నాం అంది డాక్టరమ్మ. వెళ్ళబోతూ, రక్తం గొట్టం పెట్టకముందే వచ్చిందని చెప్పిందెవరని అడిగింది. అత్తగారు కోడలి వైపు చూపించింది. ఆ మాట అందకపోయి ఉంటే ఇతనికి వార్డులోనే వచ్చేది, లిఫ్టు దాకా కూడా రాలేకపోయేవాడు అని, డాక్టరమ్మ మళ్ళీ లోపలికి వెళ్ళింది. రెండు రోజుల కిందటే అంది ఉంటే అన్న మాట ఆవిడ అనలేదు. ఆమెకి మాత్రం అదే వినిపించింది.

ఎదురుగా గోడకి పెచ్చులూడిన చోట సిమెంటు కొత్తగా మెత్తారు. ఆమె దాన్నే చూస్తూ అడిగింది, మీ మీద ఎందుకు వేసుకున్నారు అత్తయ్యా అని.

అత్తగారు కొంగుతో మొహం తుడుచుకుంది. "నన్ను తిడితే నాకేం పోతుంది. నీకు చేతకాదని నిన్ను మంచం దగ్గరికి రానివ్వకపోతే వాడి గొంతు ఎవరు చూస్తారు? నేను పెడితే నిజంగానే పొడిచేస్తాను."

కొంగు దించి, "నిన్ననే చూసేదాన్నే ఆ సంచీ" అంది. "అర్జెంటు బట్టలున్నాయని పక్కన పడేశాను. నువ్వు దాన్ని పట్టుకుని లాగినప్పుడే అనుకున్నా, ఇందులో ఏదో ఉందని. మళ్ళీ కంగారమ్మే కదా అని ఊరుకున్నా."  ఆవిడ వేళ్ళు ఒళ్ళో లేని గుడ్డకి మడతలు పెడుతూ ఉండిపోయాయి.

ఎర్ర దీపం ఆరింది. తొడుగు కుదిరిందని, చిల్లు మూసుకుందని, రెండు చేతుల్లోనూ నాడి సమంగా ఆడుతోందని చెప్పారు. పాత గొట్టం తీసేసి, కొస ఆ చోటికి తగలకుండా ఇంకా కిందికి దిగే పొడుగు గొట్టం పెట్టారు. ప్రమాదం తప్పిందా అని అత్తగారు అడిగింది. ఇప్పటికి తప్పింది అంది డాక్టరమ్మ. మెడలో గాయం తెరిచే ఉంది, అక్కడి సూక్ష్మక్రిములు ఆ గుడ్డకి పట్టకుండా చూసుకోవాలి, పడితే మళ్ళీ మొదటికొస్తుంది అంది. చుక్క రక్తమైనా సరే, ఏ వేళైనా సరే చెప్పాలంది. ఆ చివరి మాట ఆమె కళ్ళలోకి చూసి అంది.

ఐసీయూ అద్దాల గదిలోంచి అతను వార్డుకి తిరిగొచ్చేసరికి సోమవారం వెళ్ళిపోయి ఇంకో సోమవారం దగ్గర పడుతోంది. అదే మంచం, అదే కమ్మీ. ఇంటికి ఎప్పుడన్న ఊసు ఎవరూ ఎత్తడం లేదు. పిల్ల ఇప్పుడు చెప్పులు విప్పేసి ఆడుకుంటోందని అత్తగారు చెప్పింది. ఆమెకి ఆ మాట గుచ్చుకుంది.

ఆమె రోజులో ఎన్నోసార్లు వేలు ఆ రెక్క మీద ఆనించి చూస్తోంది. ఒక మధ్యాహ్నం అలా ఆనించగానే వేలి కింద కొట్టుకుంది. ఊపిరి బిగబట్టి చూసింది. కొట్టుకుంటూనే ఉంది. ఈసారి సగం తీసేసి చూసుకోలేదు. సిస్టర్ అని పిలిచింది. కేక పెద్దదైనట్టుంది, నాలుగు మంచాల వాళ్ళు తలలు తిప్పారు. పెద్ద సిస్టరు పరుగున వచ్చి తన వేలు పెట్టి, కళ్ళు మూసుకుని చూసింది. తరవాత ఆమె చెయ్యి తీసుకుని మంచం బల్ల మీద ఆనించింది.

"ఇప్పుడు?"

కొట్టుకుంటోంది. బల్ల కొట్టుకుంటోంది.

"అది నీ వేలి నాడి" అంది పెద్ద సిస్టరు. తిడుతుందని ఆమె ఎదురుచూసింది. పెద్ద సిస్టరు మెడ పట్టీ సరిచేసింది, సరిగ్గానే ఉన్న దుప్పటి మళ్ళీ సరిచేసింది. "అయినా పిలువు" అని, మొహం పక్కకి తిప్పుకుని వెళ్ళిపోయింది. అప్పుడు తూము అన్న మాట గురించి ఆవిడ అన్నదల్లా అంతే.

మర్నాడు పొద్దున్న గుర్రు మొదలైంది. ఆమె చేతులు కడుక్కుంది, తొడుగు వేసుకుంది. అతను రెండు కొట్టాడు. కఫం తెల్లగా వచ్చింది, మళ్ళీ తెల్లగా వచ్చింది. చివర సన్న గొట్టం వెంట ఒక దారప్పోగు వచ్చింది. గులాబీ రంగుది. సీసాలో నీళ్ళ మీద కాసేపు నిలిచి, మెల్లిగా విచ్చుకుంది.

తలుపు దగ్గర ఆయా కేకేసింది. వార్డంతా కదిలింది. దుప్పట్లు దులుపుతున్నారు, పళ్ళేలు తోస్తున్నారు, కుళాయి దగ్గర సీసాల చప్పుడు. ఆమె చెయ్యి అలవాటుగా వెళ్ళి సీసా మెడ పట్టుకుంది, అరచుట్టు తిప్పింది కూడా.

వెనకనుంచి కమ్మీ మోగింది.

ఆమె ఆగింది. రెండో దెబ్బ కోసం చూసింది. అది రాలేదు. తిరిగి చూస్తే అతని కణుపు కమ్మీ మీదే ఆని ఉంది, చూపు సీసా మీద ఉంది, ఆ పైన ఆమె మీదికి వచ్చింది. పెదాలు ఇంటికి అని అనలేదు.

ఆమె సీసాని మళ్ళీ బిగించి చెయ్యి తీసేసింది. వరసంతా తళతళలాడే సీసాల మధ్య అదొక్కటే కడగకుండా మిగిలింది. డాక్టర్లు ఇంకా మొదటి మంచం దగ్గరే ఉన్నారు. పెద్ద సిస్టరు వాళ్ళని అక్కడే వదిలి నేరుగా ఇటు వచ్చింది. ఏమీ అడగకుండా సీసా ఊడదీసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి ఎత్తింది.

ఆవిడ అలా ఎత్తి పట్టుకుని చూస్తూనే ఉంది.